బీరులో డెటాల్ వాసన: అదే కుళాయి, అదే మాల్టు, మార్చిలో లేనిది మేలో ఎందుకు వచ్చింది?

చెలమనీళ్లు (ఫ్రిస్కో, టెక్సస్), జూన్ 14

ఇంట్లో బీరు కాయడం మొదలుపెట్టి ఇది అయిదో ఏడు. మొదటి నాలుగేళ్లు సియాటిల్‌లో ఉన్నాము. ఉద్యోగం మారి ఈ జనవరిలో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోకు వచ్చాము. సరంజామా అంతా వెంట తెచ్చుకున్నాను. పెద్ద కాగు, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టే కూలర్ డబ్బా, మరిగిన రసాన్ని చల్లార్చే రాగి గొట్టం చుట్ట, చివరికి గ్యారేజీలో పెట్టుకునే పాత ఫ్రిజ్ కూడా. మాల్టు కొనే చోటు మారలేదు, ఈస్ట్ మారలేదు. మారింది నీళ్లు ఒక్కటే.

ఈ ఇంట్లో ఇప్పటికి మూడుసార్లు కాచాను. మార్చి రెండో వారంలో పేల్ ఏల్, అంటే లేతరంగు చేదు బీరు. సియాటిల్‌లో దాన్ని ఇరవైసార్లయినా చేసి ఉంటాను. ఈసారి మొద్దుగా వచ్చింది. హాప్స్ (బీరుకు చేదు, పరిమళం ఇచ్చే పువ్వులు) వాసన ఉంది కానీ చేదులో పదును లేదు. మింగిన తరువాత టీపొడి ఎక్కువసేపు మరిగితే వచ్చే వగరు ఒకటి నాలుక మీద మిగిలిపోయింది. మార్చి చివర్లో స్టౌట్, అంటే నల్లటి బీరు చేశాను. అది మాత్రం నేను ఇంతవరకు చేసినవాటిలో మేటి. రెండు వారాంతాల్లో మిత్రులు ఒక్క సీసా మిగల్చలేదు. మే రెండో వారంలో మళ్లీ పేల్ ఏల్ పెట్టాను. అసలు కథ దీనిదే.

అమ్మ ఏప్రిల్‌లో వచ్చింది, ఆరు నెలలు ఉంటుంది. ఈ వ్యవహారం ఆమెకు మొదటి నుంచీ గిట్టదు. "ఇంత చదివించింది సారా కాయడానికా" అని వచ్చిన రోజే అంది. సారా వేరు, బీరు వేరు అని చెప్పబోయి ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. పోయిన శనివారం మే నాటి బీరు మొదటి సీసా తీసి గ్లాసులో పోసి బల్ల మీద పెట్టాను. ఇంతలో ఫోను వచ్చింది. అటుగా వెళ్తున్న అమ్మ ఆగి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇందులో డెటాల్ ఎందుకు పోశావురా?" అని అడిగింది.

వాసన చూస్తే నిజమే. డెటాల్, కొత్త బ్యాండేజీ, ఆసుపత్రి వరండా, అన్నీ కలిసిన వాసన. ఒక గుక్క తాగి ఉమ్మేశాను. మరో మూడు సీసాలు తీసి చూశాను, నాలుగూ అంతే.

నీళ్ల విషయంలో నేను చేసే పని ఒక్కటే. ముందురోజు రాత్రి గ్యారేజీ కుళాయి నుంచి రెండు బకెట్లు పట్టి, మూత పెట్టకుండా వదిలేస్తాను. తెల్లారేసరికి క్లోరిన్ ఎగిరిపోతుంది. సియాటిల్‌లో నాలుగేళ్లు ఇదే పద్ధతి, ఒక్కసారీ ఇబ్బంది రాలేదు. పాత్రలు కడగడానికి బ్లీచ్ వాడను, స్టార్ శాన్ అనే క్లోరిన్ లేని క్రిమిసంహారకం వాడతాను. పులియబెట్టేది 19 డిగ్రీల దగ్గర, ఫ్రిజ్‌లో.

ఒకటి చెప్పాలి. అమ్మ లెక్కలో ఇక్కడివి మేలురకం నీళ్లు. మాది నల్లగొండ జిల్లా. ఊళ్లో బోరు నీళ్లతో కందిపప్పు పెడితే ఎన్ని కూతలు వచ్చినా పప్పు పలుకు విరగదు. పప్పుకూ టీకీ వేరే నీళ్లు, వాడకానికి వేరే నీళ్లు, ఇదీ మా ఇంటి పద్ధతి. ఇక్కడ వంటింటి కుళాయి నీళ్లకు మూడు కూతలకే పప్పు వెన్నలా మెదుగుతోంది. పప్పు ఉడికితే మంచినీళ్లు, ఉడకకపోతే ఉప్పునీళ్లు. ఇన్నేళ్లూ నాదీ అదే సిద్ధాంతం.

ఈ గొడవ మొదలయ్యాక గ్యారేజీ కుళాయి నీళ్లను నెబ్రాస్కాలోని వార్డ్ ల్యాబ్స్‌కు పంపి పరీక్ష చేయించాను. లీటరుకు మిల్లీగ్రాముల్లో: కాల్షియం 48, మెగ్నీషియం 5, సోడియం 33, క్లోరైడ్ 30, సల్ఫేట్ 24, ఆల్కలినిటీ 105. పీహెచ్ 8.1. ఇందులో డెటాల్ ఎక్కడుందో చూసి చెప్పండి. సల్ఫేట్ తక్కువగా ఉంది కాబట్టి పేల్ ఏల్ మొద్దుగా వచ్చిందని నా అనుమానం, జిప్సం (కాల్షియం సల్ఫేట్) బాగా దట్టిద్దామనుకుంటున్నాను. ఇక ఈ 5 గ్యాలన్లను నిలవ పెడితే వాసన పోతుందా, పారబోయడమేనా?


మాల్టుమూర్తి (ప్లేనో, టెక్సస్), జూన్ 14

అడవి ఈస్ట్ సోకింది, సందేహం లేదు. కొన్ని అడవి ఈస్ట్‌లు అచ్చం ఈ ఆసుపత్రి వాసనే పుట్టిస్తాయి. ప్లాస్టిక్ గొట్టాలన్నీ మార్చండి. ఇక నీళ్లంటారా, ఈ ప్రాంతపు ఇళ్లలో వాటర్ సాఫ్ట్‌నర్ (నీళ్లను మెత్తబరిచే యంత్రం) ఉంటుంది కదా. మీ వంటింటి కుళాయికి అది ఉండే ఉంటుంది, అందుకే పప్పు అంత బాగా ఉడుకుతోంది. గ్యారేజీ నీళ్లు మానేసి వంటింటి నీళ్లు వాడండి. సియాటిల్ నీళ్లంత మెత్తగా ఉంటాయి.


కాగుకిందమంట (హ్యూస్టన్), జూన్ 15

మూర్తి గారూ, రెండు సలహాలనూ కాదంటున్నందుకు ఏమీ అనుకోకండి. గొట్టాలు మార్చడంలో నష్టం లేదు. సాఫ్ట్‌నర్ నీళ్లు మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

చెలమనీళ్లు తమ్ముడూ, జవాబు నీ తేదీల్లోనే ఉంది. నేను ముప్పై ఏళ్లు నీటి శుద్ధి కేంద్రాల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను, ఓపిక పట్టు.

సియాటిల్ నీళ్లలో కలిపేది క్లోరిన్. అది గాలికి పోయే రకం. రాత్రంతా బకెట్లో ఉంచితే చాలా వరకు పోతుంది, మిగిలింది కాచినప్పుడు పోతుంది. మీ డాలస్ ఉత్తర శివార్లకు వచ్చే నీళ్లలో ఏడాదిలో పదకొండు నెలలపాటు ఉండేది క్లోరమిన్, అంటే అమ్మోనియాతో జతకట్టిన క్లోరిన్. మైళ్ల కొద్దీ గొట్టాల్లో ప్రయాణించినా బలం తగ్గకుండా నిలబడుతుందనే దాన్ని వాడతారు. గొట్టంలో నిలబడేది నీ బకెట్లోనూ నిలబడుతుంది. రాత్రి కాదు, రెండు మూడు రోజులు ఉంచినా పూర్తిగా పోదు. కొద్దిసేపు మరిగించినా పోదు.

మరి మార్చిలో ఎందుకు రాలేదు? క్లోరమిన్‌లోని అమ్మోనియాను తిని బతికే బ్యాక్టీరియా గొట్టాల లోపల పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి అక్కడ ఏటా వసంతంలో, సాధారణంగా మార్చిలో, దాదాపు నాలుగు వారాలు అమ్మోనియా ఆపి ఒట్టి క్లోరిన్ పంపుతారు. ఆ నెలలో ఇంట్లో ఈతకొలను వాసన వచ్చిందా, గుర్తు చేసుకో. ఎక్కువ వాసన వచ్చే నీళ్లే నీకు మేలు చేశాయి. మార్చిలో చేసిన రెండుసార్లూ సియాటిల్ పద్ధతి పనిచేసింది. మేలో కుళాయి నుంచి వచ్చింది వేరే నీళ్లు.

మీ అమ్మగారి ముక్కుకు నమస్కారం. డెటాల్‌లో క్రిములను చంపే పదార్థం పేరు క్లోరోక్సిలెనాల్. ఫినాల్ జాతి పదార్థానికి క్లోరిన్ అంటుకుంటే అది. మాల్టు పొట్టులోనూ, పులిసేటప్పుడూ వచ్చే ఫినాళ్లకు నీళ్లలోని క్లోరిన్ గానీ క్లోరమిన్ గానీ తగిలితే పుట్టే క్లోరోఫినాళ్లు దానికి దాయాదులు. వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. నిలవ పెడితే పోవు, చల్లబరిస్తే పోవు. పారబోయి.

ఇకపై చేయాల్సింది చాలా చిన్న పని. పొటాషియం మెటాబైసల్ఫైట్ బిళ్లలు దొరుకుతాయి, క్యాంప్డెన్ బిళ్లలంటారు. ఒక బిళ్ల 20 గ్యాలన్ల నీళ్లకు చాలు. నువ్వు వాడేది 8 గ్యాలన్లు అనుకుంటే సగం బిళ్ల ధారాళంగా సరిపోతుంది. రెండు చెంచాల మధ్య పెట్టి పొడి చేసి, నీళ్లలో వేసి, కలిపి, పది నిమిషాలు ఆగు. క్లోరమిన్‌కూ, ఒట్టి క్లోరిన్‌కూ అదే మందు. మార్చి ఏదో, మే ఏదో లెక్క చూసుకోనక్కర్లేదు. రాత్రంతా బకెట్లకు కాపలా కాయనక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే మొత్తం క్లోరిన్ చూపే కాగితపు పట్టీలు కొను. "మొత్తం" అని రాసి ఉన్నవే. ఒట్టి క్లోరిన్‌ను మాత్రమే చూపే పట్టీలు క్లోరమిన్‌ను పట్టవు, నిన్ను మోసం చేస్తాయి.


కాగుకిందమంట (హ్యూస్టన్), జూన్ 15

రెండో సంగతి. పేల్ ఏల్ మొద్దుగా, స్టౌట్ మేటిగా ఎందుకొచ్చింది?

ముందు నీ నివేదిక సరిగా చదువుదాం. ఆ ప్రయోగశాల సల్ఫేట్‌ను గంధకం లెక్కలో ఇస్తుంది. అంకె పక్కన చిన్నగా రాసి ఉంటుంది, చూడు. దాన్ని మూడుతో హెచ్చించాలి. నీ సల్ఫేట్ 24 కాదు, 72. ధన అయానులు ఒకవైపు, రుణ అయానులు ఒకవైపు కూడి చూశాను. 24 వేస్తే లెక్క కుంటుతుంది, 72 వేస్తే త్రాసు దాదాపు సరిగ్గా నిలబడుతుంది. జిప్సం దట్టిస్తాననకు.

నీ అసలు శత్రువు ఆల్కలినిటీ, అంటే నీళ్లలోని బైకార్బనేట్ బలం, ఆ 105. దీన్ని మీ అమ్మగారి కందిపప్పుతోనే చెబుతాను, నీకు బాగా అర్థమవుతుంది. పప్పు ఉడకకపోవడానికి కారణం కాల్షియం. పప్పు కణాలను పట్టి ఉంచే పెక్టిన్‌ను అది మరింత బిగిస్తుంది. పప్పు త్వరగా ఉడకాలంటే ఏం చేస్తారు? చిటికెడు తినే సోడా వేస్తారు. తినే సోడా అంటే బైకార్బనేట్. అంటే పప్పుకు కాల్షియం పగ, బైకార్బనేట్ చుట్టం.

బార్లీ మాల్టుకు ఇది తిరగబడుతుంది. మాల్టును వేడినీళ్లలో నానబెట్టినప్పుడు ఆ జావ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. కాల్షియం మాల్టులోని ఫాస్ఫేట్లతో కలిసి పీహెచ్‌ను కిందికి దింపుతుంది. బైకార్బనేట్ పైకి నెడుతుంది. పీహెచ్ పైనుంటే పొట్టులోని వగరు రసంలోకి దిగుతుంది, చేదు మొరటుగా తేలుతుంది. నీ నాలుక మీద మిగిలిన టీపొడి అదే. కాబట్టి పప్పుకు మంచివైన నీళ్లు పేల్ ఏల్‌కు మంచివి కానక్కర్లేదు. మూర్తి గారూ, సాఫ్ట్‌నర్ వద్దన్నది ఇందుకే. అది కాల్షియాన్ని తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. బైకార్బనేట్ జోలికి పోదు. మనకు కావలసింది పోయి, వద్దనుకున్నది మిగులుతుంది. పప్పుకు స్వర్గం, మాల్టుకు నరకం.

లెక్క కావాలంటే పాల్ కోల్బాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1950లలో ఇచ్చిన సూత్రం ఉంది. ఆల్కలినిటీలోంచి కాల్షియాన్ని 1.4తోనూ, మెగ్నీషియాన్ని 1.7తోనూ భాగించి తీసెయ్. నీకు 105 లోంచి 34, 3 పోతే 68 మిగిలింది. లేతరంగు బీరుకు ఇది సున్నా దగ్గర, ఇంకా కిందికి ఉన్నా మంచిదే. స్టౌట్‌లో నల్లగా వేయించిన బార్లీ ఉంటుంది. దానికి సహజంగానే పులుపు ఎక్కువ. ఆ పులుపును నీ 68 సరిదిద్దింది. డబ్లిన్ వాళ్లు స్టౌట్‌కూ, చెక్ దేశపు పిల్‌సెన్ వాళ్లు లేత బంగారు రంగు లాగర్ బీరుకూ పేరు పడటం వెనక ఉన్నదీ ఈ లెక్కే. డబ్లిన్ నీళ్ల నిండా బైకార్బనేట్. పిల్‌సెన్ నీళ్లలో చెప్పుకోదగ్గ లవణమే లేదు.

వచ్చేసారి ఇలా చెయ్. 8 గ్యాలన్లలో సగం కుళాయి నీళ్లు, సగం దుకాణంలో యంత్రం దగ్గర పట్టుకునే ఆర్‌ఓ నీళ్లు. అన్నీ సగమైపోతాయి, ఆల్కలినిటీ 52కు దిగుతుంది. అందులో జిప్సం 6 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 2 గ్రాములు. కాల్షియం 88 దగ్గరికి, సల్ఫేట్ 147కు, క్లోరైడ్ 47కు వస్తాయి. కోల్బాక్ లెక్క సున్నాకు కింద, మైనస్ 12 దగ్గర తేలుతుంది. సల్ఫేట్ చేదుకు పదును పెడుతుంది, క్లోరైడ్ మాల్టు తీపికి నిండుదనం ఇస్తుంది. ఇంతకుమించి ఈ రెండింటి నిష్పత్తి గురించి జనం చేసే వాదనలకు చెవి ఇవ్వకు. చెంచాలతో కొలవకు, బంగారం తూచే చిన్న త్రాసు కొనుక్కో. కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను తాగి ముద్దవుతుంది, సీసా బిరడా గట్టిగా పెట్టు.

లవణాలు వేసినా పీహెచ్ ఇంకా 5.6 దగ్గర ఆగవచ్చు. పదిహేను నిమిషాలు నానాక ఒక గరిటెడు రసం తీసి, చల్లార్చి, అప్పుడు మీటర్ ముంచు. వేడి రసంలో ముంచితే మీటర్ పాడవుతుంది, అంకె తప్పు చూపుతుంది. ఎక్కువుంటే 88 శాతం లాక్టిక్ ఆమ్లం రెండు మిల్లీలీటర్లు, చాలకపోతే ఇంకొకటి. మాల్టు కడిగే నీళ్లలో కూడా కొన్ని చుక్కలు వేసి పీహెచ్ ఆరులోపు ఉంచితే వగరు పీడ పోతుంది.


థేమ్స్‌ఒడ్డు (రెడింగ్, ఇంగ్లండ్), జూన్ 15

పప్పు లెక్క చదివి గట్టిగా నవ్వాను, తరువాత మా ఆయనను పిలిచి చదివి వినిపించాను. మాకు ఇక్కడ పప్పూ ఉడకదు, పేల్ ఏల్ కూడా ఒక పట్టాన కుదరదు. కాల్షియం, బైకార్బనేట్ రెండూ కలిసే వస్తాయి. ఈ నీళ్లు సుద్దరాళ్లలోంచి వస్తాయి. టీ కెటిల్‌లో నెల తిరక్కుండా తెల్లటి పెచ్చు కడుతుంది. టీ మీద తెట్టు తేలుతుంది.

నేను ఆర్‌ఓ జోలికి పోను. ముందురోజు సాయంత్రం నీళ్లన్నీ పావుగంట మరిగించి, మూత పెట్టి చల్లారనిస్తాను. బైకార్బనేట్ సగానికి పైగా సున్నంగా మారి అడుగుకు దిగుతుంది. పైతేటను జాగ్రత్తగా గొట్టంతో లాగి, అడుగున ఉన్న తెల్లటి మడ్డిని వదిలేస్తాను. మొదటిసారి ఆ మడ్డి చూసి, ఇదంతా ఇన్నాళ్లూ మేము తాగామా అనుకున్నాను. దానితో పాటు కొంత కాల్షియం కూడా పోతుంది, ఆ లోటు జిప్సంతో పూడుస్తాను. ఖర్చు లేని పద్ధతి. మీరూ ప్రయత్నించవచ్చు.

ఒకసారి రైలెక్కి బర్టన్ అపాన్ ట్రెంట్ వెళ్లి వచ్చాము. అక్కడి బావుల నీళ్లలో జిప్సం సహజంగానే ఉంది, సల్ఫేట్ లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటుతుంది. 1820లలో బర్టన్ వాళ్లు మన దేశంలోని తెల్లదొరల కోసం పేల్ ఏల్ కాచి ఓడల్లో పంపడం మొదలుపెడితే, లండన్ వాళ్ల నీళ్లతో ఆ పదును రాలేదు. చివరకు మిగతా ఊళ్లవాళ్లు జిప్సం తెచ్చుకుని కలుపుకోవాల్సి వచ్చింది. ఆ అంకె చూసి నేనూ ఒకసారి 600 దాకా జిప్సం పోశాను. సున్నపు గోడ నాకినట్టుంది. పుస్తకంలో ఊరి అంకె చూసి నకలు కొట్టకండి.


కాగుకిందమంట (హ్యూస్టన్), జూన్ 16

అమ్మా, మీ పద్ధతి మీ నీళ్లకు దివ్యంగా కుదురుతుంది. కాల్షియం పుష్కలంగా ఉన్నచోటే సున్నం బాగా దిగుతుంది. మన తమ్ముడి 48కి దిగేది కొద్దిపాటే. పైగా జూన్‌లో, టెక్సస్ గ్యారేజీలో, 8 గ్యాలన్ల నీళ్లు రెండుసార్లు మరిగించమని నేను చెప్పలేను.


గోలకొండగాలి (హైదరాబాద్), జూన్ 16

చదువుతుంటేనే నోరూరుతోంది. మాకు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తాయి, క్యాన్‌లలో ఆర్‌ఓ నీళ్లు దొరుకుతాయి. మాల్టు, హాప్స్ తెప్పించుకుంటే ఇక్కడ ఇంట్లో చేసుకోవచ్చా?


కాగుకిందమంట (హ్యూస్టన్), జూన్ 16

వద్దు నాయనా. అమెరికాలో 1978లో వచ్చిన చట్టం వల్ల ఇంటివాడకానికి చేసుకునే వీలుంది. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకూడదు. మీ దగ్గర లైసెన్సు లేకుండా చేస్తే ఆబ్కారీ కేసు. ఊళ్లో మైక్రోబ్రూవరీలు ఉన్నాయి కదా, వెళ్లి తాగు. లేదంటే తెల్లవారుజామున తాటిచెట్టు కిందికి వెళ్లు. కల్లుకు ఈ నీళ్ల తంటాలేవీ లేవు, ఈస్ట్ కూడా చెట్టు దగ్గరే వచ్చి చేరుతుంది.


చెలమనీళ్లు (ఫ్రిస్కో, టెక్సస్), జూలై 27

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. ఫలితం చేతికొచ్చాక రాద్దామని ఆగాను.

ముందు పట్టీల సంగతి. "మొత్తం క్లోరిన్" పట్టీలు కొని, రాత్రి బకెట్లో పట్టగానే ఒకటి ముంచాను. లీటరుకు 3 మిల్లీగ్రాములు చూపింది. తెల్లారి ఆరింటికి మళ్లీ ముంచాను. రంగు ఇసుమంత తగ్గింది, అంతే. నాలుగేళ్లుగా నేను పడుకుని లేచేసరికి ఏదో జరిగిపోతుందని నమ్మిన బకెట్ అది. సగం బిళ్ల పొడి చేసి వేశాను. టీ పెట్టుకుని వచ్చి ఇంకో పట్టీ ముంచితే తెల్లగా బయటికొచ్చింది. పక్కన నిలబడి చూస్తున్న అమ్మ, "పటిక వేసినట్టా?" అంది. మా ఊళ్లో బురదనీళ్లకు పటిక ముక్క తిప్పేవాళ్లు. అలాంటిదేనన్నాను. అప్పటి నుంచి ఆమెకు ఈ పని మీద కోపం కొంచెం తగ్గింది. నీళ్లు బాగుచేసే పని గౌరవమైనదే కదా.

నివేదిక మళ్లీ తీసి చూశాను. సల్ఫేట్ పక్కన గంధకం గుర్తు చీమ తలకాయంత అక్షరంలో ఉంది. మార్చిలో ఈతకొలను వాసన వచ్చిన మాట కూడా నిజమే. మా ఆవిడకు బాగా గుర్తుంది, స్నానాల గదిలో కిటికీ తీసి పెట్టేదట. నీళ్ల బిల్లుతో పాటు కాగితం కూడా వచ్చిందట. నేను చదవకుండా చెత్తబుట్టలో వేశానట.

జూన్ 22న మూడోసారి పేల్ ఏల్ పెట్టాను. దుకాణంలో ఆర్‌ఓ నీళ్లు గ్యాలను 49 సెంట్లు, నాలుగు గ్యాలన్లు తెచ్చాను. జిప్సం, కాల్షియం క్లోరైడ్ చెప్పినట్టే తూచి వేశాను. పదిహేను నిమిషాల తరువాత రసం చల్లార్చి చూస్తే 5.61. అన్నగారు చెప్పిన అంకె దగ్గరే ఆగింది. లాక్టిక్ ఆమ్లం రెండు మిల్లీలీటర్లు వేసి కలిపితే 5.5, మూడోది వేస్తే 5.44. అక్కడ ఆపేశాను. మాల్టు కడిగే నీళ్లకూ కొన్ని చుక్కలు పడ్డాయి. కాగులోకి దిగిన రసం చూస్తే తేడా అప్పుడే తెలిసింది. మార్చిలో చివరి బకెట్ రసం నోట్లో వేసుకుంటే నాలుక ముడుచుకుంది. ఈసారి చివరి చుక్క దాకా తియ్యగానే ఉంది.

నిన్న మొదటి సీసా తీశాను. వగరు లేదు. చేదు గొంతు దగ్గర ఒక్క క్షణం నిలిచి దిగిపోతోంది. సియాటిల్‌లో చేసిన దానికంటే పదునుగా ఉందనిపించింది. ఇన్నాళ్లూ అక్కడి మెత్తటి నీళ్లలో సల్ఫేట్ లేక చేదు కొంచెం సోలినట్టుండేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో అదే గొప్పగా ఉండేది.

మే నాటి 5 గ్యాలన్లు పెరట్లో పారబోశాను. కరివేపాకు కుండీ వైపు వంచబోతే అమ్మ కేకేసి ఆపింది.

నిన్నటి గ్లాసును కావాలనే ఆమె దారిలో పెట్టాను. ఆగి, వంగి, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే వాసన చూసి, "పచ్చిగడ్డి కోసినట్టుంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. హాప్స్‌కు ఆమె నోట అంతకుమించి మెప్పు రాదు.

సెప్టెంబరులో మళ్లీ స్టౌట్ పెడతాను, పూర్తిగా గ్యారేజీ కుళాయి నీళ్లతోనే, సగం బిళ్ల వేసి. మూర్తి గారూ, ప్లేనో దగ్గరే కదా, వచ్చి రుచి చూడండి. గొట్టాలు కూడా మార్చాను.